400 మీటర్ల అవతల



అధ్యక్షోపన్యాసం అంటే మొదట వినయం ప్రకటించడం, ఆ తరువాత గంటసేపు ఆ వినయాన్ని మరచిపోవడం మన సభల్లో ఆనవాయితీ. నేను రెండూ క్లుప్తంగానే కానిస్తాను. ఈ కుర్చీలో కూర్చోబెట్టినందుకు కృతజ్ఞతలు. స్థానిక ప్రజల ఆరోగ్య అవసరాలను గుర్తించడం, తీర్చడం అనే విషయాన్ని శంషాబాద్‌లోనే చర్చకు పెట్టినందుకు మరీ కృతజ్ఞతలు. ఆ అవసరాలు ఎలా కనబడతాయో, ఎలా కనబడకుండా పోతాయో చూడాలంటే ఇంతకంటే తగిన చోటు మన రాష్ట్రంలో లేదని నా అభిప్రాయం.

ఇక్కడి విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దాదాపు 5,500 ఎకరాలు. ఏటా 2 కోట్ల మందికి పైగా ప్రయాణికులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు ఒప్పుకున్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు, 2005 నాటివి, దీనికీ వర్తిస్తాయి. వాటి అయిదో అనుబంధంలో ఒక మాట ఉంది. ప్రయాణికులు, విమానాలు, సరుకులు మసలే చోటు చుట్టూ కనీసం 400 మీటర్ల దాకా దోమల వంటి రోగవాహకాలను అదుపులో ఉంచాలి. ఏడిస్ దోమ పుట్టినచోటు విడిచి పెద్దగా దూరం పోదు కాబట్టి ఆ కొలత అర్థమున్నదే. ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి టీకా పత్రం లేకుండా దిగినవారిని 6 రోజుల దాకా విడిగా ఉంచే అధికారం కూడా ఉంది. అందుకు కేంద్ర ఆరోగ్యశాఖకు విమానాశ్రయాల్లో ప్రత్యేక విభాగమే ఉంది. ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఫలానా ప్రమాదం ఉందని ముందుగా గుర్తించారు. దానికి కొలత పెట్టారు, మనిషిని పెట్టారు, డబ్బు పెట్టారు. అవసరాన్ని గుర్తించడం అంటే ఇదే.

ఈ ఏర్పాటు మీద నాకు ఆక్షేపణ లేదు. నా ప్రశ్నలన్నీ 401వ మీటరు దగ్గర మొదలవుతాయి. అదే ఏడిస్ దోమ అక్కడ డెంగీ తెస్తుంది. అక్కడ ఎవరు చూస్తున్నారు? ఏ ప్రమాదాన్ని, ఎవరి మాట మీద గుర్తిస్తున్నారు?

ఎవరి మాట మీద అన్నాను. మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి చెప్పి ఆ మాటను వివరిస్తాను. 1930ల్లో అప్పటి నెల్లూరు జిల్లాలో దుక్కిటెద్దులు కాళ్లు బిగుసుకుపోయి, నొప్పితో అడుగు వేయలేక కాడి కింద ఆగిపోతున్నాయని రైతులు గమనించారు. ఆ తరువాత అదే పరిస్థితి మనుషుల్లో కూడా కనబడింది. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో ఈ వ్యాధికి అదే తొలి వైద్య వర్ణనగా చెబుతారు. వర్ణన వైద్యులది. గుర్తింపు రైతులది. రోజూ ఎద్దు నడక చూసే కన్ను ఏ ప్రయోగశాలలోనూ ఉండదు.

ఆ తరువాతి కథ అంత గర్వంగా చెప్పుకునేది కాదు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ ప్రాంతపు యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని ఫ్లోరైడ్‌తో ముడిపెట్టి లాన్సెట్‌లో ప్రచురించారు. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు నల్గొండ పేరే పెట్టారు. ఆఫ్రికాలో కూడా ఆ పేరుతోనే వాడారు. పేరు ఖండాలు దాటింది. మునుగోడు, మర్రిగూడ పల్లెలు మాత్రం కృష్ణ నీళ్ల కోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. గుర్తించడానికి, తీర్చడానికి మధ్య ఒక తరం నడుములు వంగిపోయాయి. ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బు విషయంలో అయితే పలాసలో ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023లో వచ్చాయి కానీ జబ్బుకు మూలం ఏమిటో నేటికీ ఏకాభిప్రాయం లేదు. అక్కడ కూడా మొదట లెక్కపెట్టుకున్నది ఊళ్లో పాడెలు మోసినవాళ్లే.

ఇక మన రంగారెడ్డి జిల్లాకు వస్తాను. ఈ సభలో ఉన్న యువ పరిశోధకులు తప్పక తెలుసుకోవలసిన అధ్యయనం ఒకటి మన పక్కనే జరిగింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో, కొన్నిచోట్ల అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిసిన ఉప్మా వండి పెట్టారు. ఆ పథకం ఇంకా రాని పల్లెలను పోలికకు పెట్టుకున్నారు. పిల్లల బరువు చూసి ఊరుకుని ఉంటే అది వందల నివేదికల్లో ఒకటి అయ్యేది. కానీ పదిహేనేళ్లకు పరిశోధకులు మళ్లీ అవే పల్లెలకు వెళ్లి, 13 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్న 1,165 మందిని వెతికి పరీక్షించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. వాళ్లలో రక్తనాళాల బిగుతు, షుగర్‌కు దారితీసే ఇన్సులిన్ నిరోధకత తక్కువ. 2008లో, అంటే ఇక్కడ విమానం దిగడం మొదలైన ఏడాదే, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అది వచ్చింది. కడుపులో ఉన్న బిడ్డకు పెట్టిన గిన్నెడు ఉప్మా పదిహేనేళ్ల తరువాత గుండెలో కనబడింది. అంగన్‌వాడీ టీచర్ జీతం పెంచమని అడిగినప్పుడు ఈ కాగితం ఎవరైనా ఆమె చేతికి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఆ పల్లెల్లో పనిచేసిన పరిశోధక బృందమే ఇంకో పని కూడా చేసింది. ఊరు ఎంత పట్నమైందో కొలవడానికి ఉపగ్రహం తీసిన రాత్రి వెలుగుల చిత్రాలు వాడారు. వెలుతురు పెరిగిన పల్లెల్లో గుండెజబ్బుకు దారితీసే లక్షణాలు కూడా ఎక్కువగానే కనబడ్డాయి. కొందరు పల్లెవాసుల ఛాతీకి చిన్న కెమెరా, గాలి నాణ్యత కొలిచే పరికరం తగిలించి రోజంతా వాళ్లు ఎక్కడెక్కడ ఏ పొగ పీలుస్తున్నారో కూడా చూశారు. ఆడవాళ్లకు వంటచెరకు పొగ, మగవాళ్లకు రోడ్డు, పని, బీడీ. ఇంటిల్లిపాదీ ఒకే ఊళ్లో ఉన్నా ఒకే గాలి పీల్చడం లేదు. ఇక శంషాబాద్ సంగతి మీరే ఊహించుకోండి. రాత్రి 2 గంటలకు ఇక్కడ ఉన్నంత వెలుతురు చాలా జిల్లా కేంద్రాల్లో సాయంత్రం 7 గంటలకు కూడా ఉండదు.

ఆ వెలుతురులో పనిచేసేవాళ్లు ఎవరు? సామాను ఎక్కించేవాళ్లు, ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, గోదాముల్లో పెట్టెలు సర్దే ఆడపిల్లలు, 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ ఆపి నిద్రపోయేవాళ్లు, సీటు వెనక్కి వాల్చుకుని బుకింగ్ కోసం కాచుకుని ఉండే క్యాబ్ డ్రైవర్లు. డ్రైవర్‌ను కదిపితే మొదట చెప్పేది నడుం నొప్పి. ఇంకాసేపు కూర్చుంటే మూత్రం మంట సంగతి చెబుతాడు. బండి వదిలి పోతే వరుసలో వెనకబడతామని నీళ్లే తక్కువ తాగుతారు. దీనికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు. నాలుగు శుభ్రమైన మరుగుదొడ్లు, ఒక నీళ్ల కుళాయి చాలు. కానీ ఏ ఆరోగ్య సర్వేలోనూ ఆ గడి ఉండదు.

గడి అన్నాను కాబట్టి ఆశా కార్యకర్త చేతిలోని కాగితం చూద్దాం. ముప్పయ్యేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ నింపే ఫారం అది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా. తరువాత టేపు తీసి నడుం కొలవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే మార్కులు పడతాయి. మొత్తం 4 దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. అదే ఫారంలో వంటకు ఏం వాడతారు, పొగ, దుమ్ము ఉండే పని చేస్తారా అనే ప్రశ్నలు కూడా ఉన్నాయి. ఇటుక బట్టీ అని పేరుపెట్టి మరీ ఉంది. ఫారం తయారుచేసినవాళ్లు తెలివైనవాళ్లే. చిక్కంతా వేరేచోట ఉంది. ఆమె ఫారం పట్టుకుని వెళ్లేది తన జాబితాలో ఉన్న ఇంటికి. ఒడిశాలోని బొలంగీర్, నువాపడా నుంచి ఏటా వచ్చే బట్టీ కూలీల గుడిసె ఆ జాబితాలో ఉండదు. ఇద్దరు పగలు, ఇద్దరు రాత్రి ఒకే చాప మీద వంతులవారీగా పడుకునే అద్దెగది కూడా ఉండదు. ఇటుక బట్టీ గురించి అడగమన్న ఫారం ఇటుక బట్టీ దాకా వెళ్లడం లేదు.

ఇది ఆమె తప్పు కాదు. వెయ్యి మందికి ఒక ఆశా, మైదాన ప్రాంతంలో 5 వేల మందికి ఒక ఉపకేంద్రం, 30 వేలకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అని లెక్క. ఆ వేలు ఎక్కడివి? మన దగ్గరున్న చివరి జనగణన 2011ది. విమానాశ్రయం వచ్చిన మూడేళ్లకు చేసిన లెక్క అది. ఆ తరువాత ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ పూర్తయింది, పొలాలు వెంచర్లయ్యాయి, గోదాములొచ్చాయి, 2018లో శంషాబాద్ మున్సిపాలిటీ అయింది. జనం మారారు, వాళ్ల జబ్బులు మారాయి. పొలం గట్ల మీద నడిచిన రైతు కొడుకు సెక్యూరిటీ కుర్చీలో 12 గంటలు కూర్చుంటున్నాడు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పింది. వాళ్లలో ఇతను ఉన్నాడో లేడో చెప్పడానికి కనీసం ఒక చుక్క రక్తం ఎవరైనా తీయాలి కదా.

ఇక వైద్య శిబిరాల గురించి ఒక మాట. నొచ్చుకునేవాళ్లు క్షమించాలి. టెంటు వేస్తారు, ఫ్లెక్సీ కడతారు, ముఖ్య అతిథి వచ్చేదాకా ముసలివాళ్లను ఎండలో కూర్చోబెడతారు, బీపీ చూసి పది రోజుల గోళీలు ఇస్తారు. పదకొండో రోజు ఏమిటి? బీపీ గోళీ అంటే జీవితకాలపు మాట. శిబిరం పెట్టేవారు తమ దగ్గర ఏముందో అది పంచుతారు, ఊరికి ఏం కావాలో అది కాదు. ఇంతకంటే ఘోరం, ఉన్నదాన్ని అమ్ముకోవడానికి అవసరాన్నే పుట్టించడం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతోందని, నడుం గుంజుతోందని చెప్పుకోవడానికి వచ్చిన ఆడమనిషి అవసరం ఏమిటి? ఆమె చేతికి దొరికింది ఏమిటి? తొలగించవలసింది చాలాసార్లు ఇన్ఫెక్షన్‌ను. తొలగించింది అవయవాన్ని.

దీనికి భిన్నంగా, మన పొరుగున గోదావరి, ప్రాణహితల అవతల గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు వేరే దారి పట్టారు. ఆసుపత్రి ఎలా ఉండాలని గోండులనే అడిగారు. పెద్ద భవనాలంటే భయమన్నారు. గుడిసెల వరుసలా కట్టి, వాళ్ల దేవత దంతేశ్వరి పేరు పెట్టారు. స్త్రీల జననాంగ వ్యాధుల గురించి 1989లో లాన్సెట్‌లో వాళ్లు రాసిన వ్యాసం చదివాకనే ప్రపంచానికి ఈ బాధ ఎంత విస్తారమో తెలిసింది. అడిగితే చెప్పారు. అంతకుముందు ఎవరూ అడగలేదు.

శంషాబాద్‌లో అడగాలంటే రాత్రి అడగాలి. ఇక్కడి కూలీకి ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా తెరిచే దవాఖానా ఉన్నా లేనట్టే. రోజుకూలీ పోగొట్టుకుని వచ్చి వరుసలో నిలబడడు. రాత్రి 9 గంటలకు తెరిచి ఉండేది ఆరెంపీ దుకాణం. అక్కడ అనవసరంగా స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్‌లు, గ్లూకోజు సీసాలు ఎక్కిస్తారని మనం విమర్శిస్తాం, న్యాయమే. కానీ ఏ వేళకు జనం ఏ బాధతో తిరుగుతారో ఈ ప్రాంతంలో అతనికి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు. అతణ్ణి పోలీసులతో బెదిరించే ముందు ఒకసారి కూర్చోబెట్టి అడిగితే సగం సర్వే అక్కడే పూర్తవుతుంది. బస్తీ దవాఖానాలు 2018లో హైదరాబాద్‌లో మొదలైనప్పుడు ఇంటి దగ్గరికే వైద్యం అన్నారు. దూరం తగ్గింది, సంతోషం. ఇక్కడ తగ్గవలసింది వేళ.

ఈ సభలో వైద్యులకంటే భాషాసాహిత్యాల వారు, సమాజశాస్త్రాల వారు ఎక్కువ. మాకేం పని అనుకోకండి. డేవిడ్ వెర్నర్ పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ అనే పేరుతో తెలుగులోకి తెచ్చింది. స్త్రీల ఆరోగ్యం గురించి ‘సవాలక్ష సందేహాలు’ అనే పుస్తకం వచ్చింది. అవి రాసినవాళ్లు, తిరగరాసినవాళ్లు, అచ్చువేసినవాళ్లు అందరూ మందుల చీటీ రాయగలిగినవాళ్లు కాదు. నేటి శంషాబాద్‌కు తెలుగొక్కటే చాలదు. ఒడియా, హిందీ, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవారు ఉపకేంద్రం బోర్డు చదవలేక వెనుదిరుగుతున్నారు. బోర్డు మీద ఇంకో రెండు లిపులు రాయడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వు కావాలి?

నా విన్నపం ఒకటే. ఈ రెండు రోజుల్లో చాలా మంచి పత్రాలు చదవబోతున్నారు. మన నివేదికను ఢిల్లీకి పంపే ముందు, పాల్మాకుల, నర్కూడ, మామిడిపల్లి, తొండుపల్లి ఏ వైపైనా సరే, జట్లుగా విడిపోయి సాయంత్రం 7 తరువాత వెళ్లండి. ఆ ఊరి ఆశా కార్యకర్తను వెంట పిలుచుకోండి, ఆమె సమయానికి కూలీ కట్టివ్వండి. జాబితాలో లేని ఇళ్లేవో, గదులేవో, గుడిసెలేవో ఆమెకు తెలుసు. ఆమె చూపిస్తుంది. వాటిని రాసుకుని రండి. ముగింపు సమావేశంలో తీర్మానాలకంటే ముందు ఆ జాబితాను చదివిద్దాం, దాన్నే జిల్లా వైద్యాధికారికి అందజేద్దాం.