కొలనుపాక: రాజధాని పల్లెగా మారిన తీరు

యాదగిరిగుట్టకు ఈశాన్యంగా, ఆలేరు రైల్వే స్టేషన్‌కు సమీపంలో ఉన్న కొలనుపాక, నేడు వరి, పత్తి పొలాల నడుమ సాధారణ గ్రామంగా కనిపించినప్పటికీ, 11వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్యుల ప్రముఖ ప్రాంతీయ రాజధానిగా వెలిగింది. శాసనాలు దానిని కొల్లిపాక అని పేర్కొనగా, ‘కొల్లిపాక ఏడువేల నాడు’ అనే పరిపాలనా విభాగానికి అది కేంద్రమైంది. చోళ చక్రవర్తి రాజేంద్రుడు తన ప్రశస్తిలో, అనగా శాసనాల్లోని విజయవర్ణనలో, దీనిని జయించినట్లు ప్రకటించుకోవడమే ఆ పట్టణం విలువకు నిదర్శనం. అధికార కేంద్రం ఓరుగల్లుకు మారిన పిదప పట్టణం క్రమంగా చిన్నదైంది.

అయితే దీనిని పాడుబడిన ఊరనడం తొందరపాటే అవుతుంది. ఆదినాథుని జైన ఆలయానికి గుజరాత్, రాజస్థాన్‌ల నుండి సైతం యాత్రికులు వస్తుండగా, వీరశైవులు తమ ఆచార్యులలో ఒకరైన రేణుకాచార్యుడు ఇచ్చటి సోమేశ్వర లింగం నుండి ఆవిర్భవించెనని విశ్వసిస్తారు. సోమేశ్వరాలయ ప్రాంగణంలోనే పరిసరాలలో లభించిన శిల్పాలను భద్రపరిచిన ప్రదర్శనశాల ఉన్నది. ఆలయాల పేరు దూరప్రాంతాలకు విస్తరించినను, గ్రామస్థుల బ్రతుకుతెరువు మాత్రం ప్రధానంగా సేద్యంపైనే నిలిచి ఉండగా, చదువుకున్న యువకులు ఉద్యోగాల కోసం హైదరాబాద్ వైపు చూస్తున్నారు. యాత్రికులలో అధికులు దర్శనం ముగించుకొని అదే రోజు తిరిగిపోవుట వలన వారి రాక ఊరి ఆదాయాన్ని పెద్దగా పెంచడం లేదు.