ఇనుముకు కరెంటు పూత



ఈవేళ నేను మీతో మాట్లాడబోయేది తుప్పు గురించి. తుప్పు గురించి రేడియోలో చెప్పడానికి ఏముంటుందని మీలో కొందరు అనుకోవచ్చు. మా దరియాలతిప్పలో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. మాది యానాంలో గోదావరి ఒడ్డునున్న పల్లె. సముద్రం మా గుమ్మంలోంచి కనబడదు గాని, దాని గాలి రోజూ పలకరించి పోతుంది. కొత్త సైకిలు కొన్న ఆరు నెలలకే మడ్‌గార్డు అంచున ఎర్రటి పొడి రాలుతుంది. తలుపు గడియ, బావి గిలక, చివరికి గోడకి కొట్టిన మేకు కూడా అంతే. నేను బళ్లో సైన్సు చెబుతాను, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ‘రస్ట్’ అని చెబితే పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ‘తుప్పు’ అంటే ముక్కు చిట్లిస్తారు. దాని వాసన వాళ్లకి తెలుసు కదా మరి.

నా బల్ల సొరుగులో ఒక ఇనప కొక్కెం ఉంది. రేకుల కప్పుని దూలానికి బిగించే బోల్టు అది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమనీ, యానాన్నీ అతలాకుతలం చేసింది. అప్పటికి నాకు పదహారేళ్లు. మా నాన్నగారు వలలు దాచుకునే పాక మీద రేకులు ఆ రాత్రి ఒకటొకటిగా లేచిపోయాయి. చీకట్లో రేకు ఎగిరే చప్పుడు విన్నవాళ్లకి అది వేరే చెప్పక్కర్లేదు. ఒక రేకు మా ఇంటి మీదుగా పోయి కొబ్బరిచెట్టు మొవ్వులో ఇరుక్కుంది. అది మనిషి ఎత్తున వచ్చుంటే ఏమయ్యేదో! తెల్లారాక నాన్నగారు విరిగిన కొక్కెం ఒకటి ఏరి తెచ్చి వేళ్ల మధ్య నలిపారు. బిస్కెట్టులా పొడైపోయింది. పైనుంచి చూస్తే లావుగానే ఉంది. లోపల ఇనుము లేదు, తుప్పు పొరలే. “రేకులు కొత్తవేరా, కొక్కేలే పాతవి” అన్నారాయన. మిగిలిన రెండో కొక్కేన్ని నేను దాచుకున్నాను.

తుప్పు ఎలా పడుతుందో రెండు ముక్కల్లో చెబుతాను. ఇనుము మీద ఒక నీటిబొట్టు నిలిచిందనుకోండి. ఆ బొట్టు అంచుల్లో గాలి ఎక్కువగా అందుతుంది, మధ్యలో తక్కువ. ఈ తేడా వల్ల ఆ బొట్టు చిన్న బ్యాటరీ అయిపోతుంది. మధ్యనున్న ఇనుము కరిగి నీటిలోకి పోతుంది, ఎలక్ట్రాన్లు ఇనుములోంచి అంచులకు నడుస్తాయి. ఆ నీటిలో ఉప్పు ఉంటే కరెంటు ఇంకా సులువుగా పారుతుంది. అందుకే రాజమండ్రిలో మేకుకీ, మా తిప్పలో మేకుకీ ఆయుర్దాయంలో అంత తేడా. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి పైనున్న రంగుని పెచ్చులుగా లేపేసి, లోపలికి దారి తనే చేసుకుంటుంది.

దీనికి మనకు తెలిసిన మందు రంగు వెయ్యడం. కాని కుంచె పోయే చోట్లు కొన్నే. గొట్టం లోపలికి పోదు, రెండు రేకులు అతుకుపడ్డ సందులోకి పోదు. తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. పోనీ వస్తువుని రంగు డబ్బాలో ముంచి తీద్దామా అంటే, మిరపకాయ బజ్జీ సంగతి మీకు తెలుసు. పిండి ఒక పక్క దళసరిగా పడుతుంది, ఒక పక్క మిరపకాయ కనిపిస్తూనే ఉంటుంది, కింద తోక వేలాడుతుంది. రంగు కూడా అచ్చం అలాగే.

మా బళ్లో చదివి, యానాంలోనే డిప్లొమా పూర్తిచేసిన కుర్రాడొకడు చెన్నై వైపు మోటారు వాహనాల విడిభాగాలకు పూత వేసే కర్మాగారంలో పనిచేస్తున్నాడు. ఆమధ్య సెలవుల్లో నన్ను తీసికెళ్లి చూపించాడు. వాళ్లు ఆ పనిని ఇ.డి. కోటింగ్ అంటారు. ఎలక్ట్రోఫోరెసిస్ అనే సూత్రం మీద నడుస్తుంది. నీటిలో తేలే సన్నటి రేణువులు, కరెంటు పెడితే ఒక ధ్రువం వైపు నడిచిపోతాయని 1807 ప్రాంతాల్లోనే మాస్కోలో రాయిస్ అనే శాస్త్రజ్ఞుడు తడిమట్టితో ప్రయోగం చేసి చూపించాడు. రక్తంలో హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి సికిల్ సెల్ జబ్బుని గుర్తించే పరీక్షల్లో ఒకటి కూడా దీని మీదే నడుస్తుంది. ఆసుపత్రిలో రక్తానికీ, కర్మాగారంలో రంగుకీ సూత్రం ఒకటే అంటే మొదట నేనే ఆశ్చర్యపోయాను.

లోపలికి వెళ్లగానే మావాడు నన్ను ఆపి, “మాస్టారూ, తలకి క్రీములాంటిదేమీ రాసుకోలేదు కదండీ?” అని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. తర్వాత తెలిసింది. కొన్ని క్రీముల్లో సిలికోను అనే పదార్థం ఉంటుంది. అది రవ్వంత రంగులో పడినా పూత మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయట. అలాగే కడిగిన వస్తువుని ఉత్తచేత్తో ముట్టుకోకూడదు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఆ వేలిముద్ర కిందనే రేపు తుప్పు లేస్తుంది.

అసలు శ్రమంతా ఈ శుభ్రం చెయ్యడంలోనే ఉందని నాకనిపించింది. సామాన్లు కొక్కేలకు వేలాడుతూ, పైనున్న గొలుసు మీద నెమ్మదిగా కదిలి వస్తాయి. ముందు వేడి క్షారపు నీళ్లలో నూనె జిడ్డు వదిలిస్తారు. కడుగుతారు. తర్వాత జింకు ఫాస్ఫేటు ద్రావణంలో ముంచుతారు. ఇనుము మీద కంటికి ఆనని సన్నటి పలుకులు ఏర్పడి, గరుకుగా, రంగు పట్టుకోవడానికి వీలుగా తయారవుతుంది. మళ్లీ కడుగుతారు. చివరి కడుగు లవణాలు తీసేసిన నీటితో. మా ఊరి నీళ్లయితే పనికిరావని వాడే అన్నాడు.

అప్పుడు వస్తుంది రంగు తొట్టి. అందులో ఎక్కువ భాగం నీళ్లే, నూటికి ఎనభై పాళ్లు. మిగిలింది ఎపాక్సీ అనే జిగురు, రంగుపొడి. ఈ జిగురు రేణువులకు కొద్దిగా ఆమ్లం కలిపి ధనావేశం కలిగిస్తారు. వేలాడే వస్తువుని ఋణ ధ్రువానికి కలుపుతారు, అంటే అదే కాథోడ్. తొట్టి పక్కల స్టీలు పలకలు ఆనోడ్లు. మన ఇళ్లకి వచ్చే ఏ.సి. కరెంటుని రెక్టిఫయరుతో డి.సి.గా మార్చి, రెండు వందల నుంచి మూడువందల యాభై వోల్టుల దాకా ఇస్తారు. రేణువులు వస్తువు వైపు నడుస్తాయి. దాని ఉపరితలం దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్ బుడగలు లేస్తాయి, అక్కడ క్షారగుణం పెరుగుతుంది. రేణువుల మీదున్న ఆమ్లం అక్కడ విరిగిపోతుంది. ఇక అవి నీళ్లలో నిలవలేక ఇనుము మీద అతుక్కుపోతాయి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. పడిన పూత కరెంటుని సరిగా పోనివ్వదు. పూత పడినచోట కరెంటు తగ్గుతుంది, పడనిచోటు వెతుక్కుంటూ లోపలికి పోతుంది. పొలంలో మొదటి మడి నిండాక నీరు తనంతట తనే తర్వాతి మడికి మళ్లినట్టన్నమాట. రెండు మూడు నిమిషాల్లో గొట్టం లోపల, సందుల్లో, మూలల్లో కూడా ఇంచుమించు ఒకే మందంలో పూత పడుతుంది. ఆ మందం సుమారు ఇరవై మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో. తుప్పు కూడా కరెంటు పనే అని ఇందాక చెప్పాను కదా. రోగమూ కరెంటుదే, మందూ కరెంటుదే.

అయితే గాలి నిలిచిన చోటికి రంగు పోదు. బిందెలో చెంబుని బోర్లించి ముంచితే చెంబు లోపల నీళ్లు నిండవు చూడండి, అలా. అందుకే సామానులో ఎక్కడో ఒక చిల్లి వదలాలి. ఆ చిల్లి ఎక్కడ పెట్టాలన్నది రంగు వేసేవాళ్లు కాదు, సామాను గీసే ఇంజనీరు మొదట్లోనే ఆలోచించాలి. వేలాడదీసే కొక్కేలకు కూడా పూత పడుతుంది కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు గీకాలి, లేకపోతే కరెంటు సామానుకి అందదు.

తొట్టిలోంచి పైకి తీశాక అదనంగా అంటుకున్న రంగుని కడిగేస్తారు. ఆ కడుగునీళ్లను కూడా పారబొయ్యరు. సన్నటి పొరల్లోంచి వడగట్టి, రంగుని తిరిగి తొట్టికే పంపుతారు. ఆ తర్వాత నూట అరవై, నూట ఎనభై డిగ్రీల పొయ్యిలో అరగంట కాలుస్తారు. అప్పుడు ఆ జిగురు కరిగి, అల్లుకుని గట్టిపడుతుంది.

“రాత్రిపూట కరెంటు పోతే?” అని అడిగాను. మనవాళ్ల ప్రశ్న అదే కదా. మావాడి మొహంలో నవ్వు పోయింది. “ముందు జనరేటరు మీద తొట్టి కలియబెట్టే పంపులు ఆడాలండీ. దీపాలు తర్వాత. రంగు అడుక్కి పేరుకుందంటే వేల లీటర్లు పోతాయి” అన్నాడు. రాత్రి డ్యూటీలో ఆ పంపుల బాధ్యత వాడిదేనట. బళ్లో హోంవర్కు తేని పిల్లాడు!

ఈ పద్ధతిని వాహనాలకు మొదట వాడింది అమెరికాలో. ఫోర్డు కంపెనీలో బ్రూవర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి బృందం 1960 దశకం మొదట్లో దీన్ని పనిలో పెట్టింది. అప్పట్లో సామానుని ఆనోడ్‌గా పెట్టేవారు. దాంతో ఆ ఇనుమే కాస్త కరిగి పూతలో కలిసేది, రక్షణ తగ్గేది. అక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కార్లు కింద నుంచి తుప్పుపట్టిపోయేవి. 1970 దశకంలో ధ్రువాలు తారుమారు చేసి సామానుని కాథోడ్ చేశాకే అసలు ఫలితం కనిపించింది. ఇప్పుడు కార్లు తయారుచేసే పెద్ద కర్మాగారాల్లో తొలి పూత ఇదే. మాది పుదుచ్చేరి కిందికొస్తుంది గాని, పక్కనున్న ఆంధ్రలో చూడండి, పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం మొదలైంది. ఇలాంటిచోట కారు గుల్ల మొత్తాన్ని తొట్టిలో ముంచి తీస్తారు. మీరు చూసే ఎరుపూ తెలుపూ దాని పైన వేసేవే.

ఇదంతా విని రేపే వెళ్లి మీ రేకుల కొక్కేలకు ఈ పూత వేయించమని నేను చెప్పను. అలాంటి లావుపాటి కొక్కేలకు, నది గాలి తగిలే కప్పులకు, కరిగిన జింకులో ముంచిన గాల్వనైజింగే మేలు. గీత పడినా జింకు తాను కరిగి ఇనుముని కాపాడుతుంది. ఇ.డి. పూత ఆ త్యాగం చెయ్యదు. పైగా ఎపాక్సీకి ఎండ పడదు, పైన ఇంకో రంగు లేకపోతే సుద్దలా తెల్లబడుతుంది. సైకిలో, మోటారు సైకిలో, పంపు సామానో కొనేటప్పుడు మాత్రం పైనున్న మెరుపు చూసి మురిసిపోకుండా, అడుగున ఏ పూత ఉందో అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే, గొట్టం చివర వేలు పెట్టి లోపల చూడండి. లోపల కూడా నల్లగానో బూడిదరంగులోనో నున్నగా ఉంటే మంచిదే.

మావాడు ఆ రోజు తిరుగు ప్రయాణంలో నా సంచిలో రెండు ఇనప పట్టీలు పెట్టాడు. ఒకటి ఉత్తది, ఒకటి పూత వేసింది. పూత వేసినదాని మీద మేకుతో ఒక గీత గీసి ఇచ్చాడు. వాళ్ల పరీక్షశాలలో ఉప్పునీటి తుంపర పెట్టెలో వందల గంటలు ఇలాగే గీత గీసి ఉంచుతారట. “మన తిప్పే పెద్ద తుంపర పెట్టె కదండీ, రేవులో కట్టండి” అన్నాడు. రేవు దగ్గర గుంజకి రెండూ కట్టాను. రెండు వర్షాకాలాలు గడిచాయి. ఉత్త పట్టీ పెచ్చులు రాలి, కట్టిన తీగ దగ్గర తెగిపోయింది. రెండోది ఎండ తగిలే వైపు మెరుపు పోయి తెల్లబారింది, వేలాడదీసిన చోట ఒక ఎర్రచుక్క పడింది. గీత దగ్గర తుప్పు ఎంత దూరం పాకిందని మావాడు ప్రతి నెలా ఫోను చేసి అడుగుతాడు. నిన్న సాయంత్రం పాటు తీశాక పిల్లలతో వెళ్లి స్కేలు పెట్టి చూశాను. రెండు మిల్లీమీటర్లు.