నాలుగు పాయలు దాటుతూ సైకిలు మీద
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి వెళ్ళాక యానాం నుంచి చించినాడ వరకు సైకిళ్ళ మీద వెళ్దామన్న ప్రతిపాదన వచ్చింది. దాని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఈ వయసులో సైకిలేమిటి నాన్నా" అన్న మాట చాలా ఇళ్ళలో వినపడిందని నాకు తెలుసు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మనం ఉంటున్నది లంకల మీద. ఐ. పోలవరంలో ఆ 'ఐ' అంటే ఐలాండే కదా! ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ, గౌతమి నుంచి మన ఊరి పక్కన పారే వృద్ధ గౌతమి విడిపోయాయి. యానాంలో బయల్దేరి చించినాడలో దిగేసరికి ఈ నాలుగూ దాటుతాం, ఒక్క చోటా నావ ఎక్కకుండా.

ఆ చివరి మాట విలువ మన పిల్లలకు తెలియదు. యానాం-ఎదుర్లంక వారధి 2002లో వచ్చింది. అంతకు ముందు పెద్దాసుపత్రి, కలెక్టరాఫీసు అన్నీ కాకినాడలో, మనమేమో ఇవతల ఒడ్డున. సైకిలును నావలో పడుకోబెట్టి రేవు దాటేవాళ్ళం. బస్సైతే రావులపాలెం చుట్టు తిరగాలి. రాత్రిపూట ఇంట్లో పురుటి నొప్పులు మొదలైతే, నావ అవతలి ఒడ్డున ఉంటే, ఇక ఆ తల్లి అదృష్టం. ఆ వారధికి ఎదుర్లంకలోనే పుట్టిన బాలయోగిగారి పేరు పెట్టారు. లోక్‌సభ స్పీకరుగా ఉండగా 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో ఆయన పోయారు. వారధి మనకు మేలే చేసింది, నిజమే. రేవునే నమ్ముకుని బతికిన పడవవాళ్ళకు ఏం మిగిలిందో కూడా ఒకసారి అడగాలి.

మురమళ్ళ వీరేశ్వరస్వామి దర్శనం చేసుకుని అన్నంపల్లి అక్విడక్టు దాటితే మన ముమ్మిడివరం. ఇది మనకు కొత్త కాదు.

అమలాపురం నుంచి హైవే బోడసకుర్రు వంతెన మీదుగా పాశర్లపూడి పోతుంది. 1995 జనవరి 8న చమురు బావి అంటుకుని 65 రోజులు మండింది అక్కడే. దగ్గర దారి అదే అయినా నా ఓటు అంబాజీపేట మీదుగా గన్నవరానికి. కాటన్ దొర కాలంలో కట్టిన 49 ఖానాల పాత అక్విడక్టు, దాని పక్కన 2000లో వచ్చిన కొత్తది, రెండూ అక్కడ చూడవచ్చు. కింద వైనతేయ, పైన కాలువ నీళ్ళు. అవతలి లంకలో వరి పండిందంటే ఈ నీటివల్లే. కారులో వెళ్ళేవాడికి ఇది కనపడేలోపే దాటిపోతుంది. సైకిలువాడు దిగి చూడగలడు.

ఇక ఇళ్ళలో వచ్చిన అభ్యంతరం. హైవే మీద లారీలను చూసి భయపడేవాళ్ళది తప్పని నేను అనను. 216 నంబరు రోడ్డు సైకిళ్ళ కోసం వేసింది కాదు. అందుకని తెల్లవారుజామునే బయల్దేరాలి, కాలువగట్టు రోడ్డు ఉన్నచోట గట్టే పట్టాలి, వంతెనల మీద ఒకరి వెనుక ఒకరు వెళ్ళాలి. శీతకాలపు ఈశాన్యం గాలి వీపునే ఉంటుంది కాబట్టి యానాం వైపు నుంచి మొదలుపెట్టడమే సుఖం. అమలాపురం వరకు సుమారు 30 కిలోమీటర్లు. మొదటి రోజుకు అది చాలు, రాత్రి అక్కడే మకాం. గుండె జబ్బున్నవారు, మోకాళ్ళు మొరాయించేవారు వెనుక ఆటోలో రండి. అందులో చిన్నతనమేమీ లేదు, మంచినీళ్ళ బిందె కూడా దానిలోనే వస్తుంది.

వచ్చేవారు డాక్టరుగారికి ఒకసారి చూపించుకుని, సైకిలుకు కొత్త బ్రేకు రబ్బర్లు వేయించుకుని, ఇంట్లోవాళ్ళతో ఊఁ అనిపించుకుని, భోగి లోపల కార్యదర్శిగారికి పేర్లు ఇవ్వండి.

సెలవు.