నెత్తురు ఇచ్చాం, లెక్క చెప్పండి

(షుగరు జబ్బు మీద గూడెంలో జరిగిన కూటంలో మా మాట)



షుగరు మీద కూటం అనగానే అన్నం మానమంటారు, నడవమంటారు అనుకుని సగం మంది రాలా. పొద్దున్నించి చేలో ఒంగి పనిచేసేవాళ్లని నడవమనటానికి మాకూ నోరు రాదు. ఇవ్వాళ మేము చెప్పేది అన్నం సంగతి కాదు, నెత్తురు సంగతి.

మన గూడెంలో షుగరు ఉన్నవాళ్ల దగ్గర నెత్తురు తీసుకుపోయారు, మీకందరికీ గుర్తే. విటమిన్ ఎ కొలుస్తాం అన్నారు. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్రలు వేయించుకున్నారు. తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి పోయారు. కొన్నాళ్లకి మన పెద్దమ్మ ఒకామెకి "నీకు విటమిన్ ఎ తక్కువుందంట" అని నోటిమాటగా కబురొచ్చింది. కాగితం లేదు, అంకె లేదు. ఆమెకి పొద్దుగూకితే చూపు ఆనటం లేదు. ఈ రెండూ కలిపి ఒక మందుల కొట్టాయన రేచీకటి అని తేల్చేసి మాత్రలిచ్చాడు. ఎనిమిది నెలలు మింగింది. చూపు ఇంకా తగ్గింది. ఆఖరికి పెద్దాసుపత్రిలో కంట్లో చుక్కలు వేసి చూస్తే అది రేచీకటి కానే కాదు. షుగరు వల్ల కంటి వెనక పొరలో సన్నటి నెత్తురు నాళాలు చెడిపోయినయి. ఆ ఎనిమిది నెలలు తిరిగి రావు.

అసలు వాళ్లు ఆ నెత్తురులో కొలిచిందేమిటి, ఆ కొలత ఏం చెబుతుంది, ఏం చెప్పదు అనేది మనం తెలుసుకోవాలి. వీళ్లకి అర్థం కాదులే అనుకునే గదా మనకి ఎవరూ చెప్పనిది!

విటమిన్ ఎ అంటే ఒక్క పదార్థం కాదు. ఒంట్లో అది రూపాలు మారుతుంది. లివరులో దాచుకునే రూపం ఒకటి. నెత్తురులో తిరిగే రూపం రెటినాల్. కంటిలో చూపుకి పనికొచ్చే రూపం ఇంకొకటి. రెటినాల్ నించి తయారయ్యే రెటినాయిక్ ఆమ్లం అని మరొకటుంది, అది కణాల్లోకి పోయి ఏ పని మొదలుపెట్టాలో ఏది ఆపాలో చెబుతుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాలకి కూడా ఇది కావాలి. అందుకనే షుగరు ఉన్నవాళ్ల నెత్తురులో వీటిని కొలిచి చూడాలని పరిశోధకులు అనుకుంటారు. అనుకోవటంలో తప్పు లేదు. ఆ పని జరగాల్సిందే.

తిండిలో ఇది రెండు రకాలుగా వస్తుంది. మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండులో ఉండేది కెరోటిన్. దాన్ని ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకోవాలి, దానికి కాస్త నూనె తగలాలి. తయారుగా ఉన్న విటమిన్ ఎ అయితే లివరులో, గుడ్డులో, పాలల్లో ఉంటుంది. చూపు ఆనని పిల్లలకి కార్జం కాల్చి పెట్టటం మా ముసలమ్మలు ఎరుగుదురు. గొడ్డు కార్జంలో విటమిన్ ఎ దండిగా ఉందని ఇప్పుడు పుస్తకాలే రాస్తున్నయి. ఆ కూర తిన్నందుకు మనల్ని ఊరి బయట పెట్టిన వాళ్లు ఆ పుస్తకాలు కూడా చదివితే బాగుండు.

ఇక అసలు మెలిక. ఒంట్లో ఉన్న విటమిన్ ఎలో ఎక్కువ భాగం లివరులోనే ఉంటుంది. లివరు గాదె అనుకోండి. గాదెలోంచి గింజ బయటికి రావాలంటే బండి కావాలి. ఆ బండి ఒక ప్రొటీను, రెటినాల్ బైండింగ్ ప్రొటీన్ అంటారు. ఈ బండి మరీ చిన్నది, ఒంటరిగా పోతే మూత్రపిండాల జల్లెడలోంచి జారిపోతుంది. అందుకని ట్రాన్స్‌థైరెటిన్ అనే పెద్ద ప్రొటీను దాన్ని పట్టుకుని నడుస్తుంది. నెత్తురు తీసి కొలిచేది దారిలో ఉన్న బండ్లనీ, వాటి మీది గింజలనీ. గాదెలో ఎంతుందో ఆ కొలత చెప్పదు. పైగా లివరు తెలివైంది. గాదె అడుగంటేదాకా దారిలో బండ్ల లెక్క తగ్గనీయదు. కనుక అంకె బాగుందంటే గాదె నిండుగా ఉందని కాదు.

అంకె తగ్గిందంటే గాదె ఖాళీ అనీ కాదు. కామందు గాదె నిండుగా ఉన్నా మన పొయ్యి మీదికి గింజ రాని రోజులు మనకి తెలుసు గదా, అట్లాగే. పప్పూ మాంసం చాలక ప్రొటీను తక్కువైతే లివరు బండ్లు కట్టలేదు. జ్వరం వచ్చినా, ఒంట్లో ఎక్కడన్నా చీము పట్టినా బండ్లు తగ్గుతయి. షుగరువాళ్లలో కాలిపుండు ఉన్నవాళ్లు ఎంతమంది? ఆ పుండు ఉండగా తీసిన నెత్తురులో విటమిన్ ఎ తక్కువ కనపడొచ్చు. ఇన్సులిన్ లేకుండా చేసిన ఎలుకల్లో ఇంకో సంగతి బయటపడింది. వాటి నెత్తురులో రెటినాల్ పడిపోయింది, లివరులో మాత్రం పేరుకుపోయింది. విటమిన్ పోస్తే సరికాలేదు, ఇన్సులిన్ ఇస్తే సరైంది. చిన్నతనంలోనే వచ్చే షుగరులో, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు లేనివాళ్లలో, నెత్తురులో రెటినాల్ తక్కువగా ఉండటం చాలా పరిశోధనల్లో కనపడింది.

మన గూడెంలో ఎక్కువగా ఉన్నది పెద్దయ్యాక వచ్చే షుగరు. దాని కథ వేరు. 2005లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు, ఎలుకల ఒంట్లో ఈ బండి ప్రొటీను ఎక్కువైతే ఇన్సులిన్ మాట కండలు, లివరు సరిగా వినవని చూపించారు. 2006లో మనుషుల్లోనూ అది ఎక్కువుందని రాశారు. తర్వాత చేసిన వాళ్లందరికీ అదే ఫలితం రాలా. కొలిచే కిట్లే ఒకదానికొకటి పొసగటం లేదని కూడా బయటపడింది. పైగా షుగరు ముదిరి మూత్రపిండాలు దెబ్బతింటే ఈ బండ్లు నెత్తురులో పేరుకుపోతయి. అప్పుడు అంకె పెరిగి కనపడుతుంది. పుండు ఉంటే తగ్గుతుంది, మూత్రపిండం చెడితే పెరుగుతుంది. రెండూ ఉన్న మనిషికి అంకె మధ్యస్తంగా వచ్చి అంతా బాగున్నట్టే ఉంటుంది!

కొలవటం కూడా చిన్న పని కాదు. నెత్తురు పైతేటని వేరు చేసి, పెద్ద ఒత్తిడి మీద ఒక సన్నటి గొట్టంలోంచి నెడతారు. ఒక్కో రూపం ఒక్కో సమయానికి బయటికొస్తుంది. రెటినాల్ 100 మిల్లీలీటర్లకి 20 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే లోటు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. రెటినాయిక్ ఆమ్లం అంతకంటే కొన్ని వందల రెట్లు తక్కువ ఉంటుంది, వెలుతురు తగిలితే రూపే మారుతుంది. అందుకని గొట్టానికి రేకు చుట్టాలి, పసుపు దీపం కింద పనిచేయాలి, గడ్డకట్టించి ఉంచాలి. పరగడుపున తీయాలి, తిన్న తర్వాత తీస్తే తిండిలోది కూడా కలిసి కనపడుతుంది. మన గొట్టాలు మిట్టమధ్యాన్నం మోటారు సైకిలు సంచిలో పోయినయి. మేము కళ్లారా చూశాం.

కనుక ఒక్క అంకె విని మాత్రలు మింగకండి. విటమిన్ ఎ ఎక్కువైతే ఒంట్లోంచి తేలిగ్గా పోదు. లివరు చెడుతుంది, ఎముకలు బలహీనమవుతయి, కడుపుతో ఉన్న ఆడవాళ్లకి బిడ్డ అవిటిగా పుట్టే ప్రమాదముంది. పిల్లలకి చెంచాతో పోసే మందు సంగతి వేరు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పని ఆధారంగా 1970లో మొదలైన కార్యక్రమం అది. తొమ్మిదో నెలలో లక్ష యూనిట్లు, తర్వాత ఆర్నెల్లకోసారి రెండు లక్షలు, ఐదేళ్లదాకా. అది మానిపించొద్దు, పెద్దవాళ్లు తాగొద్దు. బీడీ తాగే అన్నలకి ఇంకో మాట. ఫిన్లాండులో పొగతాగే మగవాళ్లు 29,133 మంది మీద చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతం ఎక్కువైంది. తోటకూర తినండి, మాత్ర జోలికి పోకండి.

షుగరు ఉండి చూపు మసకబారితే ముందు కంట్లో చుక్కలు వేయించి వెనక పొర చూపించుకోవాలి. మసక లేకపోయినా ఏడాదికోసారి చూపించాలి. దాంతోపాటు మూత్రం పరీక్ష.

మళ్లీ ఎవరన్నా నెత్తురుకి వస్తే వెళ్లగొట్టమని మేము అనటం లేదు. కూర్చోబెట్టండి, మంచినీళ్లివ్వండి, తాగుతారో లేదో చూడండి. కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నియమాల ప్రకారం మనకి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, వద్దంటే వదిలేయాలి. జ్వరం, పుండు ఉన్నయ్యా అని అడుగుతున్నారా, మూత్రపిండాల పరీక్ష కూడా చేస్తున్నారా, ఫలితం ఏ రోజు ఎవరు తెచ్చిస్తారు అని అడగండి. జవాబు రాయించుకోండి.

పెద్దమ్మకి లేజరు చేశారు. ఒక కన్ను నిలిచింది. ఆమె అంకె ఎంతో రాసిన కాగితం కోసం మేము రెండు ఉత్తరాలు రాశాం. ఇంకా జవాబు రాలా. మూడోది ఇవ్వాళ రాస్తున్నాం, నెత్తురు ఇచ్చినవాళ్లు సంతకాలు పెట్టి పొండి. వేలిముద్రలు వద్దు, పేరు రాయటం వచ్చినవాళ్లు రానివాళ్ల చెయ్యి పట్టి రాయించండి.