ఆవ ఘాటు – ఆరోగ్యము



జపాను దేశమున కొండవాగుల చల్లని నీటిలో ‘వసాబి’ యను మొక్క పెరుగును. దాని దుంపను అరగదీసి, ఆ ముద్దను పచ్చి చేపలతో నంజుకొందురు. గోరంత నాలుకపై పెట్టినచో ఘాటు ముక్కుగుండా నషాళమున కెక్కును. ఇది ఆరోగ్యమునకు మిక్కిలి మేలని నేడు దేశదేశముల చెప్పుకొనుచున్నారు.

కోదాడ ప్రాంతమున నున్న మనకు దానితో పనియేమి యని మీరడుగవచ్చును. ఆ ఘాటునకు మూలమైన పదార్థమే మన పోపులపెట్టెలోని ఆవాలనుండియు పుట్టును. వసాబి, ఆవ, ముల్లంగి, క్యాబేజీ ఒకే కుటుంబపు మొక్కలు. అసలు వసాబి ఖరీదైనది గనుక, ఆ పేర అమ్ముడుపోవు ముద్దలలో పెక్కింటియందు ఆవపిండియు కలిసియుండును.

ఆవగింజను నమలక మ్రింగినచో ఘాటు తెలియదు. నీటితో నూరినప్పుడు, గింజలో వేరువేరుగా నున్న రెండు పదార్థములు కలిసి ఘాటైన తైలమును పుట్టించును. కాగిన నూనెలో వేసినచో వానిలో నొకటి నశించును. అందుచేతనే తాలింపులోని ఆవాలు కమ్మగా నుండును. ఆవపెట్టిన కూరయు, ఆవకాయయు ఘాటుగా నుండును. మిరపకారము నాలుకను పట్టుకొని నిలుచును. ఆవ ఘాటు ఆవిరియై ముక్కున కెక్కి త్వరలో దిగిపోవును.

ఇక మేలు సంగతి. ఈ ఆవిరి బూజును, కొన్ని సూక్ష్మజీవులను పెరుగనీయదని ప్రయోగశాలలలో తేలినది. ఆవకాయ ఏడాది నిలుచుటకు ఉప్పు, నూనె, పులుపు ముఖ్య కారణములైనను, ఆవపిండియు తోడ్పడును. 2023లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయమువారు 60 మొదలు 80 ఏండ్ల వయసుగల 72 మందిపై చేసిన పరిశోధన ప్రకటితమైనది. 12 వారములు వసాబి సారపు మాత్ర పుచ్చుకొన్నవారికి జ్ఞాపకశక్తి కొంత మెరుగైనదట. వినుటకు ఇంపుగనే యున్నది. కాని పరీక్షింపబడినవారు కొద్దిమంది. ఆ మాత్రలోని సారము వసాబికి ప్రత్యేకమైనది. కావున ఆవకాయ తిన్నచో మరపు పోవునని నేను చెప్పజాలను. పుట్టకురుపు మానునని యెవరైనను చెప్పినను నమ్మవలదు.

పైగా ఆవకాయలో ఆవతోపాటు ఉప్పు హెచ్చు. దినమునకు అన్ని వంటకములలో కలిపి 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, లోపుగనే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రక్తపుపోటుగల పెద్దలు ఊరగాయను రుచికి మాత్రమే తాకవలెను. కడుపులో పుండున్నవారు ఘాటునకు దూరముగా నుండుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి మనవి చేయుదును. మన పడావు భూములలో ముండ్ల ఆకులతో, పసుపుపచ్చని పూలతో పెరుగు బలురక్కసిని మీ రెరుగుదురు. దానిని కొందరు బ్రహ్మదండి యందురు. దాని గింజలు ఆవాలను పోలియుండును. వాని నూనె విషము. 1998లో ఢిల్లీ నగరమున ఆ నూనె కలిసిన ఆవనూనె తిని అనేకులు జబ్బుపడిరి. 60 మందికి పైగా మరణించిరి. కాళ్ళు వాచుట, ఆయాసము, గుండె నీరసించుట ఆ వ్యాధి లక్షణములు. ఆవనూనె మన వంటలలో అరుదు. అయినను ఆవపిండి మనకు నిత్యము కావలసినదే గదా!

కావున విడి ఆవపిండి కొనవలదు. గింజలే కొని, చేటలో పోసి, వెలుతురున చూడుడు. ఆవగింజ నున్నగా నుండును. బలురక్కసి గింజ గరుకుగా, మరింత నల్లగా నుండును. అనుమానము తోచిన గింజను నలిపి చూడుడు. ఆవగింజ లోపల పసుపుపచ్చగా నుండును. బలురక్కసి తెల్లగా నుండును. అట్టి గింజలు కనబడినచో ఆ సరకును వాడక తిరిగి యిచ్చివేయుడు. మామిడికాయల కాలమున ఆవాలు దంచుటకు ముందు ఒక్క గడియ ఈ పనికై వెచ్చింపుడని ఇంటివారికి మీరు చెప్పవలెను. పెద్దల మాట ఇంట చెల్లును. జపాను ముద్ద మనకు దొరకకపోయినను లోటు లేదు. మన ఆవ శుభ్రమైనదైన చాలును.