కొంగుముడి లెక్క



న్యూ సెటిల్‌మెంటు క్వార్టర్లలో భార్యాభర్తలు ఒకే కప్పు క్రింద ముప్పదియేండ్లు కాపురము చేయుదురు. ఒకే నీరు త్రాగుదురు. ఒకే పొగ పీల్చుదురు. రాత్రి షిఫ్టు ముగించి ఆయన యిల్లు చేరువరకు ఆమెకును నిద్ర యుండదు. అట్టి యిరువురి ఆయువులకు పొత్తే లేదని లెక్కగట్టుట యెంతవరకు సబబు?

ఇది వట్టి వేదాంతము కాదు. 1964 జనవరి 1 నుండి రైల్వే ఉద్యోగులకు కుటుంబ పెన్షను అమలులోనికి వచ్చినది. భర్త పోయిన పిదప భార్యకు ఎన్నియేండ్లు చెల్లింపవలసియుండునో అంచనా వేయకుండ దాని వ్యయము తేలదు.

నూరు జంటలను గైకొందము. పదియేండ్లకు భర్తలలో 60 మంది, భార్యలలో 80 మంది మిగులుదురనుకొందము. పొత్తు లేనిచో గుణించిన చాలును: 48 జంటలు నిలుచును, 32 ఇండ్ల భార్య యొంటరియగును.

పొత్తు గలచో? 1959లో అమెరికా గణితవేత్త ఏబ్ స్క్లార్ దారి చూపెను. ఆయన పెట్టిన పేరు కాపులా. లాటినులో బంధమని యర్థము. మనకు అంతకంటె చక్కని మాట కలదు: కొంగుముడి. వధువు చీర నేత వేరు, వరుని ఉత్తరీయపు నేత వేరు, ముడి వేరు. ఇరువురి ఆయుఃపట్టికలను యథాతథముగా నుంచి ముడిని మాత్రము బిగింపవచ్చును, సడలింపవచ్చును.

1978లో క్లేటన్ చూపిన ముడిని, బిగువు ఒకటిగా నుంచి, వేసిచూతము. 0.48ను 0.92చే భాగింపగా సుమారు 0.52 వచ్చును. అనగా 52 జంటలు నిలుచును. ఒంటరి భార్యలు 28 మందియే. భర్తలు 60, భార్యలు 80 అను సంఖ్యలు చెక్కుచెదరలేదు. ఇరువురును లేని యిండ్లు మాత్రము 8 నుండి 12కు పెరిగినవి.

ఇది కాగితముపై పుట్టిన అనుమానము కాదు. బ్రిటనులో 55 యేండ్లు దాటిన 4,486 మంది విధురులను పరిశీలింపగా, భార్య పోయిన తొలి ఆరు మాసములలో వారి మరణములు అదే వయసు గల వివాహితులకంటె 40 శాతము హెచ్చుగా నుండెనని 1969లో ప్రకటితమైనది. జంటలకు చెల్లించు వార్షికపు సొమ్ముల విలువ ముడిని పాటించినచో సుమారు 5 శాతము తగ్గునని 1996లో ఫ్రీస్, కారియేర్, వాల్డెజ్ కెనడా లెక్కలతో చూపిరి. అయితే దుఃఖమెంత, ఒకే పొగ యెంత యన్నది ముడి చెప్పదు. బిగువును మాత్రమే చెప్పును.

ఒకచోట ఆ బిగువును సైతము తేల్చలేము. రెండు సంఘటనలలో ముందు వచ్చినదే కనబడినచో ఏ ముడియైనను ఆ లెక్కకు సరిపోవునని 1975లో సియాటిస్ నిరూపించెను. వైద్యపరీక్షలో అనర్హుడై కొలువు వీడినవాని సర్వీసు రిజిస్టరు అక్కడితో ముగియును. అతని తరువాతి యాయువు పెన్షను కాగితములలో నుండును. ఆ రెండింటిని జతపరచిననే ముడి కొంత కంటబడును.