ఆంగ్లపదాలు - తప్పొప్పులు

ఆంగ్లం మాట్లాడేటప్పుడు వ్యాకరణం తప్పితే వచ్చే నష్టమేమిటి, ఎదుటివారికి అర్థమైతే చాలదా అని ఈ రోజులలో చాలమంది అడుగుతున్నారు. దగ్గరదగ్గరగా వినిపించే రెండు ఆంగ్లపదాలకు గల తేడా తెలుసుకొనడం పండితుల పనే గాని సామాన్యుల పని కాదని వారి అభిప్రాయం. ఈ ప్రశ్నను తేలికగా తోసివేయరాదు. నరసరావుపేట న్యాయస్థానంలో, మాచర్ల పురుగుమందుల దుకాణంలో, గురజాల ఆసుపత్రిలో ఆంగ్లపదం తెలుగు మాటల నడుమ కలిసిపోయి వినిపిస్తున్నది. ఏ తప్పు మన్నింపదగినది, ఏది కాదు అన్న విచారణ పల్నాటివారికి నేడు అక్కరకు వచ్చేదే.

ఇటువంటి తగవు తెలుగువారికి కొత్తది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. చాలకాలం దానిని అనుసరించి వ్రాసినదే వ్రాత అని పెద్దలు పట్టుపట్టినారు. జనం నోట నిలిచిన భాషకు కూడ ఒక నియమమున్నదని గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితాంతం వాదించినారు. ఆయన వాదాన్ని అర్థం చేసుకొనడానికి మన కారెంపూడి చాలు. అక్కడి వీరుల ఉత్సవాలలో వీరవిద్యావంతులు పలనాటి కథ పాడుతుంటే, సూత్రాలు చదువని జనం కూడ ప్రతి మాటను గ్రహిస్తారు. జనం గ్రహించే భాషను అపభ్రంశమని తీసివేయడం న్యాయం కాదు.

ఆంగ్లం విషయంలోను ఇదే న్యాయం వర్తిస్తుంది. ఆంగ్లంలో నామవాచకానికి ముందు వచ్చే 'ఎ', 'ది' వంటి మాటలకు సరియైన జోడు తెలుగులో లేదు. కనుక పల్నాటి విద్యార్థి వాటిని వదలివేయడంలో వింత లేదు. నేర్చుకొనవలసినదే గాని, అందువల్ల అతడు చెప్పదలచిన సంగతి సాధారణంగా చెడిపోదు. అట్టి తప్పుకు నవ్వేవారు గురజాడవారి 'కన్యాశుల్కం'లోని గిరీశాన్ని తలచుకొనవలెను. గిరీశానికి ఆంగ్లం ధారాళంగానే వచ్చును. ఆ ధాటితో అతడు చేసిన పని అమాయకులను భ్రమింపజేయడమే.

అయితే అర్థాన్నే తలక్రిందులు చేసే తప్పులు వేరే ఉన్నవి. ఆసుపత్రి మాటలనే చూడండి. “ఆయనకు బీపీ ఉన్నది” అంటాము. బీపీ అనగా రక్తపు పోటు. అది ప్రాణమున్న ప్రతివారికీ ఉంటుంది. తెలియవలసినది అది ఎక్కువా, తక్కువా అన్నది. వైద్యుల భాషలో 'హైపర్' అంటే ఎక్కువ, 'హైపో' అంటే తక్కువ. చెవికి ఈ రెండూ అక్కచెల్లెళ్లు, అర్థంలో బద్ధవిరోధులు. చక్కెర వ్యాధి గలవారికి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు, తెలివిలో ఉన్నంతవరకు, వెంటనే తీపి అందించవలెను. చక్కెర పెరిగినప్పుడు ఆ తీపే కీడు చేస్తుంది. “షుగర్ వచ్చింది” అన్న ఒక్క మాటతో ఏమి చేయవలెనో తేలదు.

పొలం దగ్గరకు వత్తాము. ఇన్‌సెక్టిసైడ్, ఫంగిసైడ్, హెర్బిసైడ్ అనే మూడు పేర్లకు తోక ఒక్కటే. మనము మూడింటినీ 'మందు' అనే పిలుస్తున్నాము. మొదటిది పురుగును, రెండవది తెగులును, మూడవది కలుపును చంపేది. వెడల్పాకు కలుపును చంపే 2,4-డి అనే మందు ప్రత్తికి పరమశత్రువు. దాని తుంపర గాలికి వచ్చి పడినా ప్రత్తి ఆకులు ముడుచుకొని వికారమవుతాయి. ఇంకొక చిక్కు కొలతలో ఉన్నది. మందు మోతాదును తరచుగా హెక్టారుకు ఇంత అని చెబుతారు. మన రైతు లెక్క ఎకరాలలో ఉంటుంది. ఒక హెక్టారు సుమారు 2.47 ఎకరాలు. హెక్టారు మోతాదును ఎకరానికి పోస్తే, రెండున్నర రెట్ల మందు పోసినట్లే.

దస్తావేజులలో లీజు, లైసెన్సు అనే మాటలున్నవి. లీజు సంగతి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోను, లైసెన్సు సంగతి అదే సంవత్సరపు ఈజ్‌మెంట్ల చట్టంలోను ఉన్నది. లీజు వలన ఆ ఆస్తిని అనుభవించే హక్కు సంక్రమిస్తుంది. లైసెన్సు కేవలం అనుమతి. పత్రానికి పెట్టిన పేరు కంటె అందులోని సారమే ముఖ్యమని సుప్రీంకోర్టు 1959లో చెప్పిన మాట నిజమే. కాని వ్రేలిముద్ర వేసేవానికి ఆ సారం ముందుగా తెలియకపోతే, అది తెలుసుకొనడానికి న్యాయస్థానం మెట్లు ఎక్కవలసి వస్తుంది.

తెలుగు వచ్చును గదా అని తెలుగు మాటలను ఉపేక్షించుటయు తగదు. శకలమంటే ముక్క, సకలమంటే సర్వం. అర్థం వేరు, అర్ధం వేరు. ఆహూతులంటే పిలువబడినవారు; ఆహుతి అగ్నిలో వేసేది. శుభలేఖలో దీర్ఘం తప్పితే వచ్చిన చుట్టాల గతి ఏమి కావలెను?

రేడియోలో పనిచేసే మాకు ఈ జాగ్రత్త మరింత అవసరం. చదువరి పుట వెనుకకు త్రిప్పవచ్చును; శ్రోతకు ఆ వీలు లేదు. థర్టీన్, థర్టీ అనే అంకెలు గాలిలో ఒకటిగానే వినిపించవచ్చును. పదమూడు, ముప్పది అంటే ఆ సందేహముండదు. అందుచేత తెలుగులో స్పష్టమైన మాట ఉన్నచోట దానినే చెప్పడం మేలని, ఆంగ్లపదం తప్పనిచోట దాని అర్థాన్ని వెంటనే విప్పి చెప్పవలెనని మా అభిప్రాయం.

కాగా, తప్పును తూచడానికి ఒక ప్రశ్న చాలును: ఈ తప్పువలన నష్టపోయేదెవరు? మాట్లాడినవాని గొప్పతనమే కొంచెం తగ్గితే, చిరునవ్వుతో మరచిపోవచ్చును. విన్నవాని ఆరోగ్యమో, పంటో, భూమిలోని హక్కో పోయేటట్లుంటే మాత్రం అక్షరం దగ్గర కూడ రాజీ పడరాదు. ఈ భారం ముందుగా చదువుకొన్నవారిదే. మందుచీటీ వ్రాసే వైద్యుడు, సీసా అమ్మే వర్తకుడు, పత్రం వ్రాసే లేఖరి తమ మాటను ఎదుటివారికి తెలిసేటట్లు చెప్పవలెను. వినేవారు కూడ మొగమాటపడక, “ఎక్కువా, తక్కువా? ఎకరానికా, హెక్టారుకా?” అని రెండవమారు అడుగవలెను. అడిగినవారిని చులకనగా చూడని మర్యాద మనలో ఉన్నప్పుడే వారికి అడిగే ధైర్యం కలుగుతుంది.